గుల్మార్గు మంచు – హెల్మెట్ మీద స్టిక్కరు



చలికాలంలో లంబసింగి వెళ్ళివచ్చినవారు "ఆంధ్రా కాశ్మీరు చూసి వచ్చాము" అని చెప్పుకోవడం మనం వింటూనే ఉంటాము. అసలు కాశ్మీరును కన్నులారా చూసే అవకాశం మాకు 2024 ఫిబ్రవరిలో కలిగింది. మా తోడల్లుడుగారు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి. ఆయనకు ఎల్.టి.సి. మీద కాశ్మీరు వెళ్ళే వీలు దొరికింది. "అన్నయ్యగారూ, మీరు కూడా రండి. పిల్లలు కలిసి చూస్తారు" అని ఆయన పట్టుబట్టారు. అందుచేత మేము, మా శ్రీమతి, డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి వారి కుటుంబంతో బయలుదేరాము. వారి అమ్మాయి ఏడవ తరగతి చదువుతున్నది. పెద్దలకంటె ఆ ఇద్దరు పిల్లల ఉత్సాహమే మమ్మల్ని నడిపించింది.

దాల్ సరస్సును గురించి, పడవ ఇళ్ళను గురించి ఇంతకుముందే అనేకులు వ్రాశారు గనుక వాటిని మేము మళ్ళీ వర్ణించబోవడం లేదు. గుల్మార్గులో మంచు మీద జారే ఆట నేర్పే చోట, తలకు పెట్టుకొనే హెల్మెట్‌ను గురించి మేము ఒక సంగతి తెలుసుకున్నాము. మోటారు సైకిలు లేని ఇల్లు పల్లెల్లో కూడా అరుదైపోయిన ఈ రోజుల్లో, ఆ సంగతి మన కుటుంబాలకు పనికివస్తుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ప్రయాణము

సికింద్రాబాదు నుండి ఢిల్లీ వరకు రైలులోను, అక్కడినుండి శ్రీనగరుకు విమానంలోను వెళ్ళాము. అప్పటికి శ్రీనగరుకు దక్షిణాది నుండి రైలు దారి పూర్తి కాలేదు. 2025 జూన్‌లో కాట్రా నుండి శ్రీనగరుకు రైలు మొదలైంది గనుక, ఇకమీదట వెళ్ళేవారికి ఆ సౌకర్యం కూడా ఉన్నది. మా శ్రీమతికి అదే మొదటి విమాన ప్రయాణం. కిటికీలోనుండి మంచుకొండలు కనబడగానే ఆమె మా చెయ్యి పట్టుకొని, దిగేవరకు మరి వదలలేదు.

శ్రీనగరులో దిగగానే చలి ఎముకలను పలకరించింది. అక్కడివారు ఫిరన్ అనే వదులైన పొడుగు అంగీ వేసుకొని, దాని లోపల కాంగ్డీ అనే చిన్న నిప్పుల కుండ పట్టుకొని నడుస్తారు. వెదురుబుట్టలాంటి అల్లికలో మట్టి పాత్ర, అందులో బొగ్గు నిప్పులు. మన కుంపటిని చొక్కా లోపల పెట్టుకొని బజారుకు వెళ్ళినట్లే! అంగీ చేతులు ఖాళీగా వ్రేలాడుతుండగా, లోపల రెండు చేతులు నిప్పును పట్టుకొని ఉంటాయి. మొదటి రోజు పిల్లలు దానిని చూసి నవ్వారు. రెండవ రోజు తమకూ ఒకటి కావాలన్నారు.

శ్రీనగరు నుండి గుల్మార్గు సుమారు 50 కిలోమీటర్లు. టంగ్‌మార్గు అనే ఊరి వరకు దారి చదునుగా ఉంటుంది. అక్కడ మోకాళ్ళ వరకు వచ్చే రబ్బరు బూట్లు, దళసరి కోట్లు అద్దెకు ఇస్తారు. అక్కడినుండి సుమారు 13 కిలోమీటర్లు దేవదారు చెట్ల మధ్య మెలికల దారి. మంచు పడి ఉంటే చక్రాలకు ఇనుప గొలుసులు చుట్టిన బండ్లే ఎక్కగలవు. మా బండివాడు దిగి, చేతులు మంచుకు ఎర్రబడుతున్నా గొలుసులు బిగించి, ఒకటికి రెండుసార్లు లాగి చూసి గాని బయలుదేరలేదు. ఆ రెండవసారి లాగి చూడడం మాకు జ్ఞాపకముండిపోయింది.

పూల మైదానము

గుల్మార్గు అనగా పూల మైదానమని అర్థం. పూర్వం దాని పేరు గౌరీమార్గు అనీ, పదహారవ శతాబ్దంలో కాశ్మీరును ఏలిన యూసఫ్ షా చక్ గుల్మార్గు అని మార్చాడనీ చెబుతారు. సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తు. మన అరకులోయ ఎత్తుకు దాదాపు మూడు రెట్లని అనుకోవచ్చును. చుట్టూ కొండలు, నడుమ గిన్నెలాంటి మైదానం. వేసవిలో అక్కడ గుర్రాలు మేస్తాయి, దొరల కాలం నుండి గోల్ఫు ఆట సాగుతుంది. చలికాలంలో అదంతా తెల్లని దుప్పటి.

మైదానం నడుమ చిన్న మిట్ట మీద 1902లో కట్టిన సెయింట్ మేరీస్ చర్చి ఉన్నది. రాతి గోడలు, ఏటవాలు కప్పు. చాలా సంవత్సరాలు మూతబడి ఉన్న ఆ గుడిని బాగుచేసి 2003 క్రిస్మసుకు తిరిగి తెరిచారు. మేము మంచులో కూరుకుపోతూ దాని వరకు నడిచి వెళ్ళి, మెట్ల దగ్గర కొంతసేపు నిలుచున్నాము. నూరేండ్లకు పైబడిన ఆ కప్పు ప్రతి చలికాలం అంత మంచు బరువును మోస్తూ నిలిచి ఉండడం చూస్తే, కట్టినవారు పైపూతకన్న లోపలి దూలాల మీద ఎక్కువ శ్రద్ధపెట్టారని అర్థమైంది.

ఇక్కడ మంచు మీద జారే ఆటను బ్రిటిషువారు ప్రవేశపెట్టారు. 1927లోనే ఇక్కడ ఒక స్కీ క్లబ్బు ఏర్పడింది. 1968లో భారత ప్రభుత్వం స్కీయింగు, పర్వతారోహణ నేర్పే సంస్థను నెలకొల్పింది. గొండోలా అనే తీగ బండి మొదటి దశ 1998లోను, రెండవ దశ 2005లోను ప్రారంభమైనాయి. మొదటి దశ కొంగ్‌డోరి వరకు వెళుతుంది. రెండవ దశ అఫర్వత్ కొండ భుజం మీదికి, సుమారు 3,900 మీటర్లకు పైకి చేరుస్తుంది. అక్కడినుండి అనుభవమున్నవారు పక్షుల్లాగా జారుకుంటూ దిగుతారు. దేశదేశాలవారు వస్తారు.

ఆ సంవత్సరం జనవరి మొదటి వారాల్లో గుల్మార్గులో మంచు పడనే లేదు. ఎండిన గడ్డి నేల ఫోటోలు పత్రికలన్నిటిలో వచ్చాయి. గుర్రాలవారు, స్లెడ్జి లాగేవారు, సామాను అద్దెకిచ్చేవారు చేతులు ముడుచుకొని కూర్చున్నారట. నెలాఖరులో మంచు పడింది. వాన ఆలస్యమైన ఏడు మన రైతు ఆకాశం వైపు ఎట్లు చూస్తాడో వారూ అట్లే చూశారు. మేము వెళ్ళేసరికి అందరి ముఖాల్లోను పని దొరికిన సంతోషం కనబడింది. ఫిబ్రవరి 21 నుండి 25 వరకు ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు కూడా అక్కడే జరిగాయి.

నేర్చుకొనేవారి వాలు

పిల్లలిద్దరు జారడం నేర్చుకుంటామని పట్టుబట్టారు. పెద్దవాలుకు కాదు, క్రొత్తవారికి నేర్పే చిన్న వాలుకు తీసికొనివెళ్ళాము. స్కీ అంటే కాళ్ళకు కట్టుకొనే రెండు పొడుగాటి సన్నని పలకలు. ముందుభాగం పైకి వంగి ఉంటుంది. బరువైన బూటు వేసుకొని పలక మీద అడుగు పెడితే టక్కున బిగుసుకుంటుంది. చేతుల్లో రెండు కర్రలు. ఆగాలంటే పలకల ముందు కొనలను దగ్గరకు, వెనుక కొనలను దూరానికి నెట్టాలి. వినడానికి తేలిక. చేసేటప్పుడు కాళ్ళు ఒక దారి, మనిషి ఒక దారి.

అక్కడి ఒక అద్దె కొట్టులో పలకలు, బూట్లు, హెల్మెట్లు తీసుకొన్నాము. హెల్మెట్లు ఒక చెక్క బల్ల మీద వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక చిత్రపటమే! విదేశీ కంపెనీల పేర్లు, జెండాలు, పుర్రె బొమ్మలు, కొండల బొమ్మలు, కొట్టువాని నంబరు – స్టిక్కర్ల మీద స్టిక్కర్లు. మా అబ్బాయి ఒక నల్లనిది తీసుకొన్నాడు. అమ్మాయి అన్నిటికంటె ఎక్కువ బొమ్మలున్నదానిని ఏరుకొన్నది. మా అబ్బాయి శ్రీనగరు బజారులో కొన్న రెండు స్టిక్కర్లను జేబులోనుండి తీసి, "నాన్నగారూ, ఇవి కూడా అంటించనా?" అని అడిగాడు. "అద్దె వస్తువు కదా, అడిగి అంటించు" అన్నాము.

నేర్పడానికి వచ్చిన యువకునికి ముప్పై యేండ్లుంటాయి. ఆ చుట్టుపక్కల ఊరివాడే. హిందీలో మాట్లాడాడు. మా తోడల్లుడుగారికి హిందీ బాగా వచ్చు గనుక ఆయన మాకు తెలియజెప్పారు. ఆ యువకుడు స్టిక్కర్ల మాటకు వెంటనే జవాబు చెప్పలేదు. పిల్లల తలమీదనుండి రెండు హెల్మెట్లు తీసికొన్నాడు. చేతి తొడుగులు విప్పి, కుమ్మరి కుండను కొట్టి చూసినట్లు, ఒక్కొక్కదానిని చెవి దగ్గర పెట్టుకొని రెండు బొటనవ్రేళ్ళతో అక్కడక్కడ నొక్కాడు. మా అబ్బాయిది మౌనంగా ఉన్నది. అమ్మాయిదానిలో సన్నగా 'కిర్' మన్నది.

అతడు లోపలి గుడ్డ అస్తరును లాగి చూశాడు. తెల్లని థర్మోకోల్ మీద ఒక చోట గుంట పడి ఉన్నది. సరిగ్గా దాని వెలుపలి వైపున అరచేయంత గుండ్రని స్టిక్కరు అంటించి ఉన్నది. గోటితో దాని అంచును లేపి, మెల్లగా ఊడదీశాడు. దాని క్రింద వెంట్రుకంత సన్నని బీట, వ్రేలెడు పొడుగున కనబడింది.

"పాదిరీ సాబ్, ఈ స్టిక్కరు దీనిని పగలగొట్టలేదు. ఎప్పుడో ఎవరో పడ్డారు, అప్పుడు పగిలింది. స్టిక్కరు దాచిపెట్టింది, అంతే" అన్నాడు.

అమ్మాయి తల్లి ముఖం పాలిపోయింది. మా తోడల్లుడుగారు కొట్టువాని మీద కోపపడ్డారు. కొట్టువాడు ముందు వాదించాడు. తరువాత తల వంచుకొన్నాడు. విదేశీయులు వాడి వదిలిపోయినవాటిని తక్కువ ధరకు కొంటాననీ, ఈ సంవత్సరం జనవరి అంతా ఒక్క రూపాయి రాలేదనీ, క్రొత్తవి కొనే స్తోమతు లేదనీ చెప్పుకొన్నాడు. అతని బాధ అబద్ధం కాదు. అయినను పగిలిన హెల్మెట్ పసిపిల్ల తలమీద పెట్టడానికి బీదరికం సమాధానం కాజాలదు. మరొకటి తీయించి, నొక్కి చూసి, గడ్డం క్రింద పట్టీ బిగించి గాని ఆ యువకుడు అమ్మాయిని వాలు ఎక్కనివ్వలేదు. పగిలినదానిని మళ్ళీ బల్ల మీదికి చేరకుండా పట్టీలు కోయించాడు.

ఆ మధ్యాహ్నమే అమ్మాయి వెనక్కు పడి, తల గట్టి మంచుకు తగిలింది. వాళ్ళమ్మ కేక వేసింది. అమ్మాయి లేచి కూర్చొని, నోట్లో పడిన మంచు ఉమ్మి, నవ్వింది. అది చిన్న దెబ్బే. అయినను ఆ యువకుడు ఆమె కళ్ళలోకి చూసి, పేరు, ఊరు అడిగి, వాంతి వస్తున్నదా, తల తిరుగుతున్నదా అని విచారించి, ఆ రోజుకు ఆట ఆపించాడు. తలకు దెబ్బ తగిలినప్పుడు "ఏమీ కాలేదు" అన్న మాటను నమ్మకూడదని అతడు చెప్పాడు. 2009లో కెనడాలోని మోఁ త్రాంబ్లాఁ అనే చోట నటాషా రిచర్డ్‌సన్ అనే ప్రసిద్ధ నటి నేర్చుకొనేవారి వాలు మీదే పడ్డది. తలకు హెల్మెట్ లేదు. మొదట బాగానే మాట్లాడింది, నవ్వింది. తల లోపల రక్తం కారి రెండు రోజుల్లో మరణించింది. ఆ సంగతి తెలిసినవారు ఆ యువకుని జాగ్రత్తను తప్పుపట్టరు.

హెల్మెట్ లోపల ఏమున్నది?

ఆ సాయంత్రం కహ్వా త్రాగుతూ మేము అతనిని ఎన్నో ప్రశ్నలు అడిగాము. ఇంటికి వచ్చిన తరువాత కూడా తెలిసినవారిని అడిగి, చదివి, తెలుసుకొన్నాము.

హెల్మెట్‌కు రెండు పొరలు ముఖ్యం. పైన గట్టి ప్లాస్టిక్కు చిప్ప. లోపల ఈ.పి.ఎస్. అనే తెల్లని నురుగు పొర. ఇది టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోల్ జాతిదే, కాని ఎక్కువ దట్టమైనది. స్కీ హెల్మెట్లలో కొన్నిటికి పైచిప్ప ఏ.బి.ఎస్. అనే దళసరి ప్లాస్టిక్కుతో చేసి, లోపల నురుగును అమరుస్తారు. మరికొన్నిటికి పాలికార్బొనేటు అనే పలుచని రేకును నురుగుతోపాటు ఒకే అచ్చులో కలిపి పోస్తారు. ఇవి తేలికగా ఉంటాయి.

తలను కాపాడేది పైకి కనబడే చిప్ప కన్న లోపలి నురుగే. పడినప్పుడు ఆ నురుగు నలుగుతుంది. నలగడంలో దెబ్బ శక్తిని తాను మ్రింగుతుంది. తల ఒక్కసారిగా ఆగిపోకుండా కొంచెం ఆలస్యంగా ఆగుతుంది. ఆ రెప్పపాటు ఆలస్యమే మెదడును కాపాడుతుంది. చిప్ప పని ఏమంటే, దెబ్బను ఒకేచోట పడనివ్వకుండా పరచడం, మొనదేలిన రాయి లోపలికి దిగకుండా ఆపడం, మంచు మీద పట్టుకోకుండా జారిపోవడం. నలిగిన నురుగు మళ్ళీ ఉబ్బదు. అందుకే గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను, పైకి ఎంత చక్కగా ఉన్నా, మార్చివేయాలి.

ఐరోపాలో స్కీ హెల్మెట్లను ఈ.ఎన్. 1077 అనే ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు. తల బొమ్మకు హెల్మెట్ తొడిగి మీటరున్నర ఎత్తునుండి ఇనుప దిమ్మె మీద పడవేస్తారు. తగిలే సమయానికి వేగం గంటకు 19 కిలోమీటర్లన్నర ఉంటుంది. మంచుదేశాలకు తగినట్లు మైనస్ 25 డిగ్రీల చలిలో పెట్టి తీసి కూడా పరీక్షిస్తారు. అమెరికావారి ఏ.ఎస్.టి.ఎం. ఎఫ్ 2040 ప్రమాణంలో రెండు మీటర్ల ఎత్తునుండి పడవేస్తారు. స్కీ ఆడేవారు గంటకు 40 కిలోమీటర్లు సులువుగా దాటుతారు. కాబట్టి హెల్మెట్ పెట్టుకొన్నాము గదా అని ఎంత వేగమైనా వెళ్ళవచ్చునని అనుకోరాదు. అయినను దాని మేలు చిన్నది కాదు. 2006లో ప్రచురితమైన నార్వే దేశపు అధ్యయనంలో, హెల్మెట్ పెట్టుకొన్నవారికి తలగాయాల ప్రమాదం సుమారు 60 శాతం తక్కువగా కనబడింది. ఇటలీ దేశం 2005 నుండి 14 ఏండ్లలోపు పిల్లలకు, 2022 నుండి 18 ఏండ్లలోపువారికి, 2025 నవంబరు 1 నుండి అన్ని వయసులవారికి స్కీ వాలుల మీద హెల్మెట్ తప్పనిసరి చేసింది.

స్టిక్కరు హాని చేస్తుందా?

ఇప్పుడు మా అబ్బాయి ప్రశ్నకు వద్దాము. హెల్మెట్‌తో వచ్చే కాగితంలో చాలా కంపెనీలు ఒక హెచ్చరిక వ్రాస్తాయి. రంగులు, జిగురు పదార్థాలు, స్టిక్కర్లు, పెట్రోలు, శుభ్రం చేసే ద్రావకాలు తగిలితే హెల్మెట్ పాడు కావచ్చునని దాని సారం. అదే కంపెనీ తన పేరును స్టిక్కరుగానే అంటించి అమ్ముతుంది! పందెగాళ్ళ హెల్మెట్ల నిండా డబ్బిచ్చినవారి పేర్లుంటాయి. ఇదేమి వింత అని మేము కూడా అనుకొన్నాము.

సంగతి జిగురులో ఉన్నది. కొన్ని ద్రావకాలు ప్లాస్టిక్కును లోలోపల తినివేస్తాయి. పాలికార్బొనేటు మీద అసిటోను, థిన్నరు వంటివి తగిలితే కంటికి కనబడని సన్నని బీటలు పుడతాయి. చిప్ప అప్పటికే వంపులో బిగువుగా ఉంటుంది గనుక ఆ బీటలు మెల్లగా పెరుగుతాయి. మామూలు రోజున ఏమీ తెలియదు. పడిన రోజున తెలుస్తుంది. ఇక నురుగు సంగతి సరే సరి. థర్మోకోల్ ముక్క మీద పెట్రోలు చుక్క వేస్తే అది ఎట్లు కరిగిపోతుందో మన పిల్లలకు కూడా తెలుసు.

అయితే నేడు దుకాణాల్లో దొరికే మామూలు స్టిక్కర్లకు, వెనుక కాగితం ఒలిచి నొక్కితే అంటుకొనే రకానికి, వాడే జిగురు చాలావరకు అట్టి ఘాటైన ద్రావకం లేనిది. పలుచని స్టిక్కరు బరువు కూడా లెక్కలోనికి రాదు. కనుక గట్టిచిప్ప మీద అంటించిన పలుచని మామూలు స్టిక్కరు హెల్మెట్ బలాన్ని తగ్గిస్తుందని భయపడనక్కరలేదు. కంపెనీలు తమ స్టిక్కర్లను తాము అంటించగలగడానికి కారణం, ఏ జిగురు తమ ప్లాస్టిక్కుకు సరిపడుతుందో వారికి తెలియడమే. బజారులో ఎవరు ఏ జిగురు కొని పూస్తారో వారికి తెలియదు. అందుకే అందరికీ కలిపి ఒకే హెచ్చరిక వ్రాస్తారు.

అపాయం వేరే చోట్ల ఉన్నది. సీసాలో వచ్చే ఘాటైన జిగురు పూసి బొమ్మలు అంటించడం ఒకటి. స్ప్రే రంగు కొట్టడం మరొకటి. అన్నిటికంటె ఎక్కువగా జరిగేది స్టిక్కరు ఊడదీసేటప్పుడు. జిడ్డు మిగిలిందని కిరసనాయిలు, పెట్రోలు, థిన్నరు, గోళ్ళరంగు తుడిచే మందు గుడ్డకు అద్ది రుద్దుతాము. అంటించినప్పుడు జరగని హాని అప్పుడు జరుగుతుంది. గోరువెచ్చని నీళ్ళు, మామూలు సబ్బు చాలు. ఓపికే దానికి మందు.

ఇక మిగిలినది ఆ గుల్మార్గు యువకుడు చూపించినదే. స్టిక్కరు బీటను కప్పుతుంది. కట్టడాల దగ్గర పనివారు పెట్టుకొనే టోపీల విషయంలో కూడా భద్రతాధికారులు ఇదే మాట చెబుతారు. చిప్పను కన్నులతో చూసి పరీక్షించడానికి వీలుండాలి. బలహీనమైన గోడకు సున్నం పూసినవారిని గురించి యెహెజ్కేలు ప్రవక్త పలికిన హెచ్చరిక మన పాఠకులకు తెలిసినదే. సున్నం గోడను కూల్చలేదు. వాన వచ్చేవరకు దాని బలహీనతను కనబడనివ్వలేదు.

పొడుచుకొని వచ్చేవి

పలుచని స్టిక్కరు ఒక ఎత్తు, చిప్పమీద పొడుచుకొని వచ్చే వస్తువు ఒక ఎత్తు. ఈనాడు యువకులు హెల్మెట్‌కు కెమెరాలు, కొమ్ములు, జడలు, రబ్బరు చెవులు అంటిస్తున్నారు. పడినప్పుడు గుండ్రని నున్నని చిప్ప జారిపోవాలి. పొడుచుకొని వచ్చిన వస్తువు నేలను పట్టుకొంటే తల మెలికపడుతుంది. లేదా దెబ్బ అంతా ఆ ఒక్క చోట పడుతుంది.

2013 డిసెంబరు 29న ఫ్రాన్సులోని మెరిబెల్ దగ్గర కారు పందేల వీరుడు మైఖేల్ షూమాకర్ స్కీ చేస్తూ పడి, బండకు తల తగిలింది. హెల్మెట్ ఉన్నది, పగిలింది. దానిమీద కెమెరా కూడా ఉన్నది. కెమెరా వలన దెబ్బ పెరిగిందా అనే చర్చ లోకమంతా సాగింది. 2014 ఫిబ్రవరిలో అధికారులు ఎవరి నేరమూ లేదని విచారణ ముగించారు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య పందెగాళ్ళ హెల్మెట్ల మీద పొడుచుకొని వచ్చే అంచులను అనుమతించదు. 2013-14 పందేల కాలం నుండి పెద్ద పందేలలో వాడే హెల్మెట్లను ఇంకా ఎక్కువ వేగంతో, గంటకు సుమారు 24 కిలోమీటర్లన్నరతో, పరీక్షించాలని నియమం పెట్టింది. ఆ పరీక్ష నెగ్గినదానికి గుర్తు ఏమిటనుకొన్నారు? హెల్మెట్ వెనుక ఒక స్టిక్కరు!

మేము తిరిగి వచ్చిన తరువాత, ఫిబ్రవరి 22న, గుల్మార్గు పైకొండల్లో మంచుచరియ విరిగిపడి ఒక రష్యా దేశస్థుడు మరణించాడని పత్రికల్లో చదివి బాధపడ్డాము. హెల్మెట్ అన్ని అపాయాలనూ ఆపలేదు. తాను ఆపగల అపాయాన్నయినా ఆపే స్థితిలో దానిని ఉంచుకోవడం మన చేతిలో ఉన్నది.

మన ఇంటి హెల్మెట్

మన పల్లెల్లో మంచు లేదు. రోడ్డు ఉన్నది. రాత్రివేళ ధాన్యం లారీలు, దీపాలు లేని ట్రాక్టర్లు, అడ్డంవచ్చే పశువులు ఉన్నాయి. మోటారు సైకిలు హెల్మెట్ తయారీ స్కీ హెల్మెట్ కన్న దళసరి. అయినను పైన చిప్ప, లోపల నలిగే నురుగు అనే సూత్రం ఒక్కటే. మన దేశంలో దానికి ఐ.ఎస్. 4151 అనే ప్రమాణమున్నది. 2021 జూన్ 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని మోటారు సైకిలు హెల్మెట్లను తయారుచేయడం గాని, అమ్మడం గాని చట్టవిరుద్ధం. కాని ఆ గుర్తు కూడా వెనుక అంటించిన ఒక స్టిక్కరే గనుక, దొంగ స్టిక్కర్లు అంటించి రోడ్డు ప్రక్కన అమ్మేవారు ఉన్నారు. చేతిలోనికి తీసుకొని, లోపల దట్టమైన నురుగు ఉన్నదో, లేక పలుచని స్పాంజి మాత్రమే ఉన్నదో అస్తరు ఎత్తి చూడండి. నురుగు లేకపోతే అది తలమీద బోర్లించిన ప్లాస్టిక్కు గిన్నె.

మన యౌవనస్థులు హెల్మెట్ల మీద సిలువ గుర్తులు, వాక్యాలు, యూత్ క్యాంపుల స్టిక్కర్లు అంటించుకొంటారు. వారిని మేము ఆటంకపరచము. పలుచనిది, మామూలు జిగురుదైతే నిశ్చింతగా అంటించుకోవచ్చును. హెల్మెట్ అంతా కప్పకుండా, ఒకటి రెండు చిన్నవి చాలు. అంటించే ముందు చిప్పను చుట్టూ చూసుకోవాలి. బీట ఉన్న చోట బొమ్మ అంటించడం మన కన్నులను మనమే మూసుకోవడం. ఒకరి దగ్గర పాత హెల్మెట్ కొన్నప్పుడు, పెద్ద స్టిక్కర్లున్న చోట ముందుగా ఊడదీసి చూడండి. నెలకొకసారి, మా బండివాడు గొలుసులు లాగి చూసినట్లు, పట్టీ లాగి చూడండి, చిప్ప నొక్కి వినండి, లోపల తడిమి చూడండి. పెట్రోలు డబ్బా ప్రక్కన, రంగుల డబ్బా ప్రక్కన హెల్మెట్ పెట్టవద్దు. గట్టిగా దెబ్బ తగిలినదానిని తమ్మునికో పాలేరుకో ఇచ్చివేయవద్దు. పట్టీలు కోసి పారవేయండి. మన తలకు పనికిరానిది వారి తలకు ఎట్లు పనికివస్తుంది?

ఇంకొక మాట. మా జిల్లా రోడ్ల మీద మేము తరచు చూసేది స్టిక్కరు అంటించిన హెల్మెట్‌ను కాదు, ట్యాంకు మీద పెట్టుకొన్న హెల్మెట్‌ను, మోచేతికి తగిలించుకొన్న హెల్మెట్‌ను, పట్టీ బిగించని హెల్మెట్‌ను. పట్టీ వ్రేలాడుతుంటే మొదటి దెబ్బకే అది ఎగిరిపోతుంది. వెనుక కూర్చొన్న అక్కకు, అమ్మకు, ముందు కూర్చోబెట్టుకొన్న పసివానికి అది కూడా ఉండదు. తండ్రి తలమీద ఒకటి పెట్టుకొని, భార్యాబిడ్డల తలలను గాలికి వదిలివేయడం న్యాయమా?

మా అబ్బాయి శ్రీనగరులో కొన్న ఆ రెండు స్టిక్కర్లలో ఒకదానిని తన బండి హెల్మెట్ మీద ప్రక్కగా అంటించుకొన్నాడు. రెండవది చెల్లెలికిచ్చాడు. ఆమె దానిని సైకిలు మడ్‌గార్డు మీద అంటించుకొన్నది. ఈ సంచిక మీ ఇంటికి చేరిన సాయంత్రం, గోడకు తగిలించిన హెల్మెట్‌ను ఒక్కసారి క్రిందికి దించి, వెలుతురులో త్రిప్పి చూడవలసినదిగా మా మనవి.